హైస్కూలు పిల్లలకు సంఖ్యల మీద పట్టు లేకపోతే: పజిళ్లతో సరిచేయడం

సమస్య: 49ని 6తో గుణించమంటే నిలువుగా రాసుకుని, ఎక్కం చదువుకుంటూ చేస్తారు. యాభై ఆర్లు 300, అందులోంచి ఒక ఆరు తీసేస్తే 294 అని తట్టదు.

కారణం: లెక్క కనబడగానే పద్ధతి మొదలుపెట్టేయడం అలవాటైపోయింది. ఇంకో యాభై లెక్కలు ఇస్తే ఆ అలవాటే ముదురుతుంది.

పరిష్కారం: నేర్చుకున్న పద్ధతి ఒక్కటే సరిపోని పజిల్ ఇవ్వండి. 1, 2, 3, 4 ఒక్కోటి ఒక్కసారే వాడి రెండు రెండంకెల సంఖ్యలు చేయాలి, వాటి లబ్ధం వీలైనంత పెద్దది కావాలి. 43 × 21తో మొదలుపెడితే వచ్చేది 903. పదుల స్థానాల్లో 4, 3 ఉండాలని త్వరగానే తేలుతుంది. అసలు వాదన 42 × 31 పెద్దదా, 41 × 32 పెద్దదా అన్న దగ్గరే. గుణించకముందే ఎటువైపో చెప్పించండి. మొదటిది 1302, రెండోది 1312. కూడితే రెండు జతలూ 73 అవుతాయి, మరి లబ్ధంలో తేడా ఎందుకొచ్చింది? జవాబు మీరు చెప్పేయకండి. మొత్తం ఒకటే అయినప్పుడు దగ్గరదగ్గరగా ఉన్న సంఖ్యల లబ్ధమే పెద్దదని వాళ్లు పట్టుకోవాలి. తర్వాత 5, 6, 7, 8 ఇచ్చి చూడండి.

సమస్య: 12 ÷ 0.5కి 6 అని రాసి ముందుకెళ్లిపోతారు.

కారణం: భాగిస్తే తగ్గుతుందన్న నమ్మకం. చిన్న తరగతుల్లో అది నిజమే అనిపించింది మరి.

పరిష్కారం: 3, 3, 8, 8 నాలుగింటినీ ఒక్కోసారే వాడి 24 తెప్పించమనండి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం ఏవైనా వాడొచ్చు. పూర్ణ సంఖ్యలతోనే తిరిగినంతసేపూ దొరకదు. 3లోంచి 8/3 తీసేస్తే 1/3, 8ని దానితో భాగిస్తే 24! టైమర్ మాత్రం పెట్టకండి. ఒక రోజంతా బోర్డు మీద ఉంచినా నష్టం లేదు.

సమస్య: తీసివేతలో తప్పులు. ప్రాక్టీస్ అంటే "అవి చిన్నపిల్లల లెక్కలు సార్" అంటారు.

కారణం: రాదని అందరి ముందూ బయటపడుతుందేమోనన్న టెన్షన్ కావచ్చు.

పరిష్కారం: మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూలు టీచరుగా పనిచేసిన కాప్రేకర్ కనిపెట్టిన 6174. నాలుగంకెల సంఖ్య ఒకటి ఎవరికి వాళ్లు అనుకోవాలి, నాలుగూ ఒకే అంకె కాకూడదు. ఆ అంకెలతో అయ్యే పెద్ద సంఖ్యలోంచి చిన్నది తీసేయాలి, వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 తీసుకుంటే 5432 − 2345 = 3087, 8730 − 0378 = 8352, 8532 − 2358 = 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడుసార్లలోపే 6174 వచ్చేస్తుంది. రాకపోతే ఎక్కడ తప్పిందో వాళ్లే వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు. మూడంకెలే మిగిలితే ముందు సున్నా పెట్టుకోవాలని మాత్రం మొదట్లోనే చెప్పండి.