ఎన్నికల డ్యూటీ పడిందా? పోస్టల్ బ్యాలెట్ వేసే ముందు ఇవి చూసుకోండి

13ఏ డిక్లరేషన్ (ఈ బ్యాలెట్ ఇచ్చింది నాకే అని ఓటరు రాసిచ్చే ఫారం) మీద మీ సంతకం, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ రెండూ ఉండాలి. లెక్కింపులో ముందు చూసేది దాన్నే, అందులో లోపం ఉంటే బ్యాలెట్ ఉన్న కవరు విప్పకుండానే పక్కన పెట్టేస్తారు, మీరు ఎవరికి వేశారన్నదాకా వెళ్లరు. ఇంత కష్టపడి డ్యూటీ చేసేవాళ్ల ఓటు ఇలా పోతే నిజంగా బాధ.

13బీ చిన్న కవర్లో బ్యాలెట్ ఒక్కటే. డిక్లరేషన్ అందులో పెట్టి అంటించారో, పైన చెప్పిన ప్రమాదమే. అది బయట ఉండాలి, చిన్న కవరుతో పాటు 13సీ పెద్ద కవర్లోకి వెళ్లాలి.

బ్యాలెట్ సీరియల్ నంబరు డిక్లరేషన్ మీద, చిన్న కవరు మీద ఒకటేనా అని ఒక్కో అంకె సరిచూడండి.

బ్యాలెట్ మీద పేరు, సంతకం వద్దు. మిమ్మల్ని గుర్తుపట్టే రాత ఏదున్నా ఓటు చెల్లదు.

అసెంబ్లీ, లోక్‌సభ రెండూ ఒకేసారి ఉంటే (2024లో ఆంధ్రప్రదేశ్‌లో లాగా) ఒక సెట్టు పూర్తిగా ముగించాకే రెండోది తీయండి. హడావుడిలో కవర్లు తారుమారవుతాయి.

డ్యూటీ మీ నియోజకవర్గంలోనే పడితే ఫారం 12ఏ ఇచ్చి ఈడీసీ (ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్) తీసుకోండి, డ్యూటీ చేసే బూత్‌లోనే ఈవీఎంలో వేయొచ్చు, ఈ కవర్ల టెన్షన్ ఉండదు.

ఇంట్లో 85 దాటిన పెద్దవాళ్లుంటే, వాళ్లు ఇంటి దగ్గరే పోస్టల్ బ్యాలెట్ వేయడానికి ఫారం 12డీని ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపే ఇవ్వాలి.