సున్నా శాతం క్రెడిట్ కార్డు తీసుకునే ముందు షరతులు ఎలా చదవాలి?

అమెరికా వచ్చి క్రెడిట్ స్కోరు కాస్త పెరిగిందో లేదో, మెయిల్ బాక్సు నిండా కవర్లు వచ్చి పడతాయి, "15 నెలలు 0% ఏపీఆర్ (అంటే ఏడాది వడ్డీ రేటు)" అంటూ. ఎవడూ ఊరికే ఇవ్వడని కొందరు చించి పారేస్తారు, కొందరేమో చదవకుండానే అప్లై చేసేస్తారు. నిజానికి ఇందులో మోసమేమీ లేదు, సరిగ్గా వాడుకుంటే అక్షరాలా వడ్డీ లేని అప్పే. కాకపోతే దేని మీద సున్నా, ఎప్పటిదాకా సున్నా, గడువు దాటాక ఎంత అన్నది ముందే చూసుకోవాలి.

1. ముందు పట్టిక వెతకండి. కవరు మీది పెద్ద అక్షరాలు వదిలేయండి. ప్రతి కార్డు ఆఫర్‌తోపాటు రేట్లూ ఫీజులూ ఉన్న ఒక పట్టిక ఇచ్చి తీరాలని ఇక్కడ చట్టం ఉంది. 1988 నాటి ఆ చట్టం కోసం పనిచేసిన అప్పటి కాంగ్రెస్ సభ్యుడు చక్ షూమర్ పేరు మీద దాన్ని షూమర్ బాక్స్ అంటారు. ఆన్‌లైన్‌లో అయితే "రేట్స్ అండ్ ఫీజ్" లాంటి చిన్న లింకు కింద దాగి ఉంటుంది.

2. ఏపీఆర్‌ని మన వడ్డీ లెక్కలోకి మార్చుకోండి. అది ఏడాది లెక్క. మన ఊళ్లలో వడ్డీ అంటే నెలకు నూటికి ఇన్ని రూపాయలని కదా, అందుకని 12తో భాగిస్తే సరి. 24 శాతం అంటే రెండు రూపాయల వడ్డీ, 30 శాతం అంటే రెండున్నర. అదీ బారువడ్డీ కాదు, చాలా బ్యాంకులు ఏ రోజుకారోజు చక్రవడ్డీ కడతాయి. ఇండియాలో కార్డుల వడ్డీ మూడున్నర రూపాయలు దాటిన సందర్భాలున్నాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా, ఆ లెక్కన ఇది నయమే అనిపించొచ్చు. కానీ రెండున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చానని ఇంట్లో చెబితే నాన్నగారు ఏమంటారో ఒక్కసారి ఊహించుకోండి!

పట్టికలో సున్నా పక్కనే "ఆ తర్వాత ఇంత నుంచి ఇంత వరకు" అని రెండు అంకెలుంటాయి. మీకు ఏది పడుతుందనేది మీ క్రెడిట్ చరిత్రను బట్టి ఉంటుంది, పెద్ద అంకెతోనే లెక్క వేసుకోండి.

3. ఇక దేని మీద సున్నా అన్నది. కొనుగోళ్లకు ఒక వరుస, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌కు (వేరే కార్డులోని పాత బాకీని ఈ కార్డుకి మార్చుకోవడం) ఒక వరుస, నగదు తీసుకుంటే ఇంకో వరుస ఉంటుంది. నగదుకు ఈ సున్నా సాధారణంగా వర్తించదు, తీసిన రోజు నుంచే వడ్డీ. ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం ట్రాన్స్‌ఫర్ దగ్గర. కొన్ని కార్డులు పాత అప్పు మార్చుకుంటేనే సున్నా ఇస్తాయి, కొత్తగా కొన్న వాటికి మామూలు రేటే. మామూలుగా బిల్లు మొత్తం కట్టేవాళ్లకు కొన్నవాటి మీద వడ్డీ పడదు కదా, ఈ ట్రాన్స్‌ఫర్ బాకీ నెత్తిన ఉన్నంతకాలం ఆ సౌకర్యం పోవచ్చు, అంటే అదే కార్డు మీద కిరాణా కొన్నా మొదటి రోజు నుంచీ వడ్డీ పడుతుందన్నమాట. ట్రాన్స్‌ఫర్ చేసిన కార్డుని సొరుగులో పెట్టేయడం మంచిది.

4. "ఇలా చేస్తేనే" అన్న షరతు ఉందేమో చూడండి. "12 నెలల్లో మొత్తం కట్టేస్తే వడ్డీ లేదు" అన్నది సున్నా శాతం కాదు. ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ దుకాణాల కార్డుల్లో ఇది ఎక్కువ. నేను వచ్చిన కొత్తలో ఒక దుకాణంలో 1,400 డాలర్ల మంచం, పరుపు అలాగే తీసుకున్నాను. నెలకు 110 చొప్పున కట్టుకుంటూ పోయాను, ఏడాదికి ఇంకా 80 డాలర్లు మిగిలింది, పోన్లే వచ్చే నెల కట్టేద్దాం అనుకున్నా. మొదటి రోజు నుంచి లెక్కగట్టిన వడ్డీ దాదాపు 240 డాలర్లు ఒకేసారి బిల్లులో కనిపించింది. అసలైన సున్నా శాతం కార్డులో అయితే ఆ 80 మీద మాత్రమే, అదీ గడువు దాటాకే వడ్డీ మొదలవుతుంది.

5. కాగితం మీద లెక్క వేయండి. 24 శాతం కార్డులో 3,000 డాలర్ల బాకీ ఉందనుకుందాం, మొదటి నెల వడ్డీయే దాదాపు 60. దాన్ని 15 నెలల సున్నాకి మారిస్తే ఫీజు 3 శాతం, అంటే 90 డాలర్లు, రెండు నెలల వడ్డీ కంటే తక్కువే. కొన్ని చోట్ల ఫీజు 5 శాతం ఉంటుంది, అప్పుడు 150. మొత్తం 3,090ని 15తో కాదు, 14తో భాగించండి, నెలకు 221 వస్తుంది. గడియారం సాధారణంగా ఖాతా తెరిచిన రోజు నుంచే తిరుగుతుంది, పైగా అప్పు మారడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఈలోగా పాత కార్డుకి కట్టడం ఆపకండి. అన్నట్టు, ఒకే బ్యాంకు కార్డుల మధ్య ట్రాన్స్‌ఫర్ సాధారణంగా కుదరదు.

6. ఆటోపే పెట్టేటప్పుడు "మినిమమ్" (ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం) నొక్కకండి. మినిమమ్ కడుతూ పోతే గడువు నాటికి చాలా బాకీ అలాగే ఉంటుంది. పైన వచ్చిన 221నే స్థిర మొత్తంగా పెట్టండి, అది మినిమమ్ కంటే తక్కువ కాకుండా చూసుకుంటే చాలు. 2009లో వచ్చిన కార్డ్ యాక్ట్ ప్రకారం ఈ ఆరంభ రేటు కనీసం ఆరు నెలలు ఉండాలి, చెప్పిన గడువు కంటే ముందే, ఉన్న బాకీ మీద రేటు పెంచేయాలంటే మీరు 60 రోజులు ఆలస్యం చేసి ఉండాలి. లేట్ ఫీజు మాత్రం మొదటిసారికే పడొచ్చు.

గడువు తేదీ స్టేట్‌మెంట్‌లో స్పష్టంగా లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి, దానికి నెలన్నర ముందు ఒక రిమైండర్ ఫోన్‌లో పెట్టుకోండి. అప్పటికీ ఏదైనా మిగిలితే తీర్చడానికి ఒక జీతం చేతిలో ఉంటుంది.