దీవిలో ట్రయథ్లాన్ ప్రాక్టీస్: మొదటి రెండు వారాలు వాచీలో పేస్ చూడకండి

మొన్న శనివారం మా ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా చేసే పోటీ) గ్రూప్‌లో ఒకతను పడిపోయాడు. దీవికి వచ్చి సరిగ్గా తొమ్మిది రోజులు. అంతకుముందు చలి దేశంలో ఉండేవాడు, అక్కడ కిలోమీటర్‌కి 4 నిమిషాల 50 సెకన్ల చొప్పున పది కిలోమీటర్లు తేలిగ్గా పరిగెత్తేవాడు, కాబట్టి ఫిట్‌నెస్ లేక పడిపోయాడని ఎవరూ అనలేరు. ఆ రోజు 60 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, దిగీ దిగగానే రన్‌కి బయల్దేరాం. మూడో కిలోమీటర్ దగ్గర "ఎలా ఉంది తమ్ముడూ" అని అడిగితే "బాగానే ఉన్నానన్నా" అని ముందుకెళ్లిపోయాడు. ఇంకో పావుగంటకి రోడ్డు పక్కన నిలబడి నీళ్ల బాటిల్ మూతని బిగించే వైపుకే తిప్పుతూ కనిపించాడు. అది రావట్లేదని బాటిల్ మీద కోప్పడుతున్నాడు. మొహం మీద చెమట ధారగా కారుతోంది. నీ సైకిల్ ఎక్కడ పెట్టావు అని అడిగితే, "సైకిలా?" అన్నాడు. రెండడుగులు వేసి కూలబడ్డాడు. తర్వాత అతని వాచీ తీసి చూస్తే చివరి కిలోమీటర్ 4:52.

బతికాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, కిడ్నీ పరీక్షలు ఇంకా నడుస్తున్నాయి. వేడి నెలలు మొదలవుతున్నాయి, దాని వెంటే రేసులు, ఉద్యోగాలకని కొత్తగా దిగినవాళ్లు ఇప్పుడే ప్రాక్టీస్ మొదలుపెడతారు. అందుకే ఇది ఇవాళే రాస్తున్నాను.

టోపీ పెట్టుకోండి, సన్‌స్క్రీన్ రాసుకోండి, నీళ్లు తాగండి లాంటివి చెప్పను, అవి మీకు తెలుసు. పడిపోయిన అతనికీ తెలుసు. టోపీ ఉంది, సన్‌స్క్రీన్ ఉంది, చేతిలో నీళ్ల బాటిల్ కూడా ఉంది.

నేను చూసినంతలో మనుషుల్ని ముంచుతున్నది ఒక్కటే తప్పు. పాత ఊళ్లో ఉన్న పేస్‌ని, అంటే కిలోమీటర్‌కి పట్టే సమయాన్ని, ఇక్కడికి మోసుకురావడం. అక్కడ 4:50 పరిగెత్తాను కాబట్టి ఇక్కడా 4:50 నా హక్కు అనుకోవడం, 5:40కి పడిపోతే ఫిట్‌నెస్ పోయిందేమో అని టెన్షన్ పడటం, దాన్ని వెనక్కి లాక్కోవాలని ఇంకా గట్టిగా తొయ్యడం. కోచ్ పాత దేశంలోనే ఉండి ఆన్‌లైన్‌లో ప్లాన్ పంపుతుంటే ఇంకా కష్టం, ఎందుకంటే ఆయన రాసే అంకెలు అక్కడి గాలికి రాసినవి. ప్లాన్‌లో ఉంది కదా అని చేస్తారు. చేయకండి. పాత పేస్ ఇక్కడ మీది కాదు, కనీసం రెండు వారాలు కాదు.

కారణం చెబుతాను. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, ఆ చెమట ఆరినందుకు. దీవిలో గాలి నిండా తేమే, చెమట ఆరడానికి చోటుండదు, కారి నేల మీద పడుతుంది. కారిపోయిన చెమట ఒంట్లోంచి నీళ్లనీ ఉప్పునీ తీసుకుపోతుంది తప్ప వేడిని పెద్దగా తీసుకుపోదు. చర్మానికి రక్తం పంపాలి, కాళ్లకీ పంపాలి, చెమట వల్ల రక్తంలో నీళ్లేమో తగ్గుతుంటాయి, అందుకే అదే పేస్‌కి గుండె నిమిషానికి పది పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకోవడం ఇక్కడ మామూలు. అంటే మీరు తేలిక అనుకుని చేస్తున్నది ఒంటికి రేసు.

సైకిల్ మీద ఇది తెలియదు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో గాలి తగులుతూ ఉంటుంది, ఎంతోకొంత చెమట ఆరుతుంది, బాగానే ఉన్నాననిపిస్తుంది. దిగి పరుగు మొదలుపెట్టిన క్షణం ఆ గాలి ఆగిపోతుంది, ఒంట్లో వేడి పుట్టడం మాత్రం ఆగదు. నేను చూసిన వడదెబ్బలన్నీ సైకిల్ దిగిన తర్వాతి అరగంటలోనే తగిలాయి, ఒక్కటి కూడా సైకిల్ మీద కాదు. కాబట్టి మొదటి రెండు వారాలు బ్రిక్ సెషన్, అంటే సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తే ప్రాక్టీస్, వద్దు. సైకిల్ తొక్కండి, ఆపండి, ఇంటికి వెళ్లండి.

తెల్లవారుజామున ఐదింటికి వెళ్తాను కదా, చల్లగా ఉంటుంది కదా అంటారు. ఎండ ఉండదు, నిజమే. కానీ గాలిలో తేమ శాతం బాగా ఎక్కువగా ఉండేది ఆ వేళే. ఎండలో పుట్టి పెరిగాను, నాకు వేడి కొత్త కాదు అనేవాళ్లు ఇంకో రకం. పొడి ఎండకీ ఈ ఉక్కకీ పోలికే లేదు, పైగా పదేళ్లుగా ఏసీ ఆఫీసులో కూర్చున్న ఒళ్లు చిన్నప్పటి ఎండని గుర్తుపెట్టుకోదు.

ఇది కొత్తవాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. 2016 సెప్టెంబర్‌లో మెక్సికోకి చెందిన కోజుమెల్ దీవిలో ప్రపంచ ట్రయథ్లాన్ సిరీస్ చివరి రేసు జరిగింది. ముందంజలో ఉన్న బ్రిటన్ అథ్లెట్ జానీ బ్రౌన్లీ, ఫినిష్ లైన్ ఇంకొన్ని వందల మీటర్లే ఉందనగా తాగినవాడిలా తూలిపోయాడు. వెనక వస్తున్న అన్న ఆలిస్టర్ అతని చెయ్యి తన భుజం మీద వేసుకుని, లైన్ దాకా ఈడ్చుకొచ్చి అవతలికి తోశాడు. ఆ అన్నదమ్ములు అంతకు నెల ముందే రియో ఒలింపిక్స్‌లో బంగారం, వెండి గెలిచారు. వాళ్లకే దీవి ఉక్కలో అలా అయింది.

మంచి విషయం ఏమిటంటే ఒళ్లు అలవాటు పడుతుంది, అదీ త్వరగానే. మొదటి ఐదు రోజుల్లో రక్తంలో ప్లాస్మా, అంటే నీటి భాగం, పెరిగి గుండె మీద భారం కొంత తగ్గుతుంది. 10 నుంచి 14 రోజులకి చెమట ముందుగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కానీ ఇది జరగాలంటే రోజూ కొద్దిసేపు బయట తేలిగ్గా చెమట పట్టించాలి. ఏసీ గదిలో రెండు వారాలు కూర్చుంటే ఏమీ జరగదు, మొదటి రోజే గంటన్నర పరిగెత్తితే ఆసుపత్రే.

నేను కొత్తవాళ్లతో చేయించేది ఇది. మొదటి నాలుగు రోజులు బయట అరగంట, పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగినంత నెమ్మదిగా. ఆ తర్వాత రోజుకి ఐదు పది నిమిషాలు పెంచుతూ పదో రోజుకి గంట. గట్టి ఇంటర్వెల్స్ (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా) చేయకపోతే నిద్రపట్టదు అనుకునేవాళ్లు ఇంట్లో ఫ్యాన్ ముందు ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే స్టాండు మీద, చేసుకోండి, అక్కడ వాట్స్ (ఎంత బలంగా తొక్కుతున్నారో చూపే అంకె) ఎంతైనా చూసుకోండి. బయట మాత్రం వాచీ తెరలో పేస్ కనపడే గడి తీసేసి హార్ట్ రేట్ పెట్టుకోండి. నిజంగా తీసేయండి, చూడనులే అనుకుంటే కుదరదు, చూస్తారు. పాత ఊళ్లో తేలిక పరుగుకి హార్ట్ రేట్ ఎంతుండేదో ఇక్కడా దాన్ని దాటొద్దు, పేస్ ఏడు నిమిషాలకి పడిపోయినా సరే, మధ్యలో నడవాల్సి వచ్చినా సరే.

పరాయి దేశంలో ఉండేవాళ్లకే వచ్చే తిప్పలు ఇంకొకటి ఉంది. సెలవులకి ఇంటికెళ్లి మూడు వారాలు చల్లటిచోట ఉండి వస్తే, వచ్చిన అలవాటు చాలావరకు పోతుంది. నేనిక్కడ ఆరేళ్ల నుంచి ఉన్నాను, నాకేం అని విమానం దిగిన మర్నాడే లాంగ్ రన్‌కి వెళ్లినవాళ్లని చూశాను. తిరిగొచ్చిన ప్రతిసారీ మీరు కొత్తవాళ్లే. పైగా నిద్ర చాలదు, జెట్ లాగ్. పేస్ గడి మళ్లీ తీసేయండి.

ఇక ఎవరైనా పడిపోతే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవద్దు, పరుగులో తగిలే వడదెబ్బకి చెమట పడుతూనే ఉంటుంది. చూడాల్సింది బుర్ర. అడిగినదానికి సంబంధం లేని జవాబు, అకారణంగా కోపం, తూలడం, ఇప్పుడెక్కడున్నామో తెలియకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చల్లబరచండి. అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, కానీ అది వచ్చేదాకా ఆగొద్దు. ఐసు నీళ్ల టబ్బులో మెడ వరకూ కూర్చోబెట్టడం అన్నిటికన్నా మంచిది, తల నీళ్లలోకి జారకుండా ఒకరు పట్టుకోవాలి. టబ్బు లేకపోతే ఐసు నీళ్లలో ముంచిన తువాళ్లు ఒళ్లంతా కప్పి, అవి వేడెక్కీ వేడెక్కకముందే మారుస్తూ ఉండాలి. ఆ రోజు మాలో ఇద్దరు కారెక్కించేద్దాం అని తొందరపెట్టారు. ఏడు తువాళ్లూ ఒక ఐస్‌బాక్సూ ఉన్నాయి, ముందు చల్లబరుద్దాం అని నేనూ ఇంకొకావిడా గట్టిగా పట్టుబట్టాం. అంబులెన్స్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, అప్పటికి తన పేరు చెప్పగలుగుతున్నాడు. చంకలో పెట్టే థర్మామీటర్ ఇలాంటప్పుడు అసలు వేడిని చూపించదు, 38 చూపించింది కదా అని వదిలేయొద్దు. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

సముద్రం గురించి రెండే మాటలు. పగడపు దిబ్బ లోపలి నీళ్లు చెరువులా కనిపిస్తాయి, కానీ ఆటు సమయంలో ఆ నీళ్లన్నీ దిబ్బలో ఉన్న సందు గుండానే బయటికి లాగుతాయి. ఆ సందు ఎక్కడుందో అక్కడి జాలరులని అడగకుండా దిగొద్దు. లాగేస్తుంటే ఒడ్డుకి ఎదురీదకండి, పక్కకి ఈది ఆ లాగుడు దాటాక ఒడ్డుకి తిరగండి. వెట్‌సూట్ (ఒంటిని వెచ్చగా ఉంచే ఈత రబ్బరు సూటు) అటకెక్కించండి, నీళ్లు 22 డిగ్రీలు దాటితే చాలు, మామూలు దూరం రేసుల్లో చాలాచోట్ల మనలాంటివాళ్లకి దాన్ని నిషేధిస్తారు, ఇక్కడి నీళ్లు 28 ఉంటాయి. నీళ్లలోనూ చెమట పడుతుంది, కనపడదంతే, కాబట్టి స్విమ్ చేసి సైకిల్ ఎక్కేటప్పటికే కొంత ఎండిపోయి ఉంటారు.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఒంటరిగా సముద్రంలోకి వెళ్లొద్దు. నడుముకి కట్టుకునే, నీళ్ల మీద తేలే రంగు బోయా లేకుండా అసలే వెళ్లొద్దు.

భారీ వాన పడ్డాక నదులూ కాలువలూ కలిసేచోట రెండు మూడు రోజులు ఈదొద్దు, ఊరి మురుగంతా అక్కడికే వస్తుంది.

ఉరుము వినపడితే నీళ్లలోంచి బయటికి.

పగడం గీసుకుంటే చిన్న గీతే కదా అనుకోకండి, మంచినీళ్లతో సబ్బుతో కడగండి, మానేదాకా సముద్రం వద్దు.

బాక్స్ జెల్లీఫిష్ (విషంతో కుట్టే జెల్లీ చేప) ఉండే తీరమైతే సంచిలో వెనిగర్ ఉండాలి. కుట్టినచోట రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు.

ఎండలు కాశాక పడే మొదటి వానకి రోడ్డు మీది నూనె పైకి తేలుతుంది. ఆ రోజు సైకిల్ తీయకండి.

వాహనాలు మీ దేశంలో వెళ్లే వైపు కాకుండా రెండో వైపు వెళ్తుంటే, మొదటి నెల రౌండ్ అబౌట్‌ల దగ్గర దిగి నడిపించుకుంటూ దాటండి. అలసిన బుర్ర పాత వైపుకే చూస్తుంది.

భూమధ్యరేఖకి దగ్గర్లో సంధ్యవేళ ఎంతోసేపు ఉండదు. సూర్యుడు దిగాక అరగంట కూడా ఉండదు వెలుతురు. సాయంత్రం సైకిల్‌కి లైట్లు తప్పనిసరి.

ఉత్త నీళ్లే లీటర్లు లీటర్లు తాగొద్దు. రక్తంలో సోడియం పడిపోయి మనుషులు పోయారు. ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, కిలో తగ్గితే లీటరు పోయినట్టు. బరువు పెరిగి ఉంటే మీరు ఎక్కువ తాగుతున్నారు.

విరేచనాలు అయిన మర్నాడు ప్రాక్టీస్ లేదు. రాత్రి మందు తాగితే పొద్దున ప్రాక్టీస్ లేదు. జలుబు మాత్ర వేసుకున్నా లేదు.

పరుగుకి ముందు ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకోకండి. నొప్పి ఉంటే పరిగెత్తకండి. ఎండిపోయిన ఒంటికి ఆ మాత్ర కిడ్నీల మీద దెబ్బ.

జ్వరం వస్తే అది డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోకండి, రక్తస్రావం అవుతుంది. డెంగీ దోమ కుట్టేది ఎక్కువగా పొద్దున్నే, సాయంత్రం, అంటే సరిగ్గా మనం బయట ఉండే వేళల్లో.

మీ ఇన్సూరెన్స్ కాగితం ఇవాళ తీసి చదవండి. రేసులు వర్తించవని రాసి ఉందా, దీవి నుంచి పెద్ద ఆసుపత్రికి విమానంలో తీసుకెళ్లే ఖర్చు ఇస్తుందా. చిన్న దీవుల్లో ఐసీయూ ఉండకపోవచ్చు.

చేతికి బ్యాండ్ మీద పేరు, బ్లడ్ గ్రూప్, ఈ దీవిలోనే ఉన్న ఒకరి ఫోన్ నంబర్ రాసి పెట్టుకోండి, స్థానిక భాషలో. పాత దేశంలో ఉన్న అమ్మ నంబర్ ఇక్కడి అంబులెన్స్‌కి పనికిరాదు.

గ్రూప్ ప్రాక్టీస్‌కి ఎవరో ఒకరి కారులో పెద్ద ఐస్‌బాక్సు, తువాళ్లు. ఐసు లేకపోతే రన్ రద్దు.

పక్కవాళ్లు తేడాగా మాట్లాడుతుంటే వాళ్లని అడగకండి, ఆపేయండి. బాగానే ఉన్నానంటారు.

పేస్ గడి తీశారా? ఇది చదువుతూనే తీయండి.

ఈ వారమే దిగి, రేపటి బ్రిక్‌కి వద్దామనుకుంటున్నవాళ్లు సైకిల్ వరకూ రండి. రన్‌కి మేం వెళ్తాం, మీరు నీడలో ఐస్‌బాక్సు దగ్గర ఉండండి.