మోకాలి బంతి, నడుము బంతి, భుజం బంతి: టెన్నిస్ ఫోర్‌హ్యాండ్‌లో దేన్ని ఎక్కడ కొట్టాలి

నడుము ఎత్తుకు వచ్చిన బంతిని పదింటికి తొమ్మిది సార్లు కోర్టులో పడేసే చెయ్యే, అదే బంతి భుజం దాకా లేస్తేనో మోకాలి కింద జారితేనో నెట్‌కు కొడుతుంది, లేదా బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దాటిస్తుంది. స్వింగ్ చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. నడుము బంతికి కుదిరిన స్వింగ్‌నే, నిలబడ్డ చోటు కదలకుండా, మణికట్టు అటూ ఇటూ వంచి మిగతా ఎత్తులకూ సరిపెట్టేయబోతే వచ్చే ఇబ్బంది ఇది. సర్దుకోవడానికి ఒక వరుస ఉంది: ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, ఆపైన భుజాల వాలు, ఆఖరున చెయ్యి. మణికట్టుకు ఈ వరుసలో చోటు లేదు.

కింద రాసిందంతా కుడిచేతి వాటం వాళ్ల ఫోర్‌హ్యాండ్‌కు, అంటే అరచేయి ముందుండేలా కుడివైపు కొట్టే దెబ్బకు. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు తారుమారు చేసుకుని చదవాలి.

గోడ దగ్గర ఐదు నిమిషాలు

బంతి లేకుండానే మొదలుపెట్టండి. ఎదురుగా ఉన్న గోడనే నెట్ అనుకుని, ఎడమ భుజం కాస్త గోడ వైపు తిప్పి నిలబడండి. మీ మామూలు ఫోర్‌హ్యాండ్ గ్రిప్‌తో (పట్టుతో) రాకెట్ తీగల్ని నడుము ఎత్తులో గోడకు పూర్తిగా ఆనించి నెట్టండి. మణికట్టు వంగిపోకుండా, ఒంటి బరువంతా గోడలోకి వెళ్లినట్టు అనిపించే దాకా పాదాల్ని ముందుకీ వెనక్కీ జరపండి. ఆ చోటు దొరికాక తీగలకూ మీ ఎడమ తుంటికీ మధ్య దూరం చూసుకోండి. నడుము బంతిని శరీరానికి అంత ముందు అందుకోవాలి.

ఇప్పుడు రాకెట్‌ను అలాగే గోడకు ఆనించి భుజం ఎత్తుకు తీసుకెళ్లండి. చెయ్యి దాదాపు నేలకు సమాంతరంగా చాచాల్సి వస్తుంది కాబట్టి నడుము ఎత్తులో నిలబడ్డ చోటు ఇరుకవుతుంది, పాదాలు వాటంతట అవే వెనక్కి జరుగుతాయి. అంటే ఎత్తు బంతి ఒంటికి మరింత ముందు, మరింత దూరంగా తగలాలి. చాలామందికి ఈ తేడా ఓ బెత్తెడు నుంచి జానెడు దాకా ఉంటుంది. ఆఖరుకు మోకాలి ఎత్తుకు దించండి. కాళ్లు నిటారుగా ఉంచి దించితే రాకెట్ తల వేలాడి, మణికట్టు మెలి తిరుగుతుంది. మోకాళ్లు వంచి దించితే నడుము దగ్గరున్న పట్టే మళ్లీ దొరుకుతుంది.

ఈ కొలతలు గ్రిప్‌ను బట్టి మారతాయి. హ్యాండిల్‌కు ఎనిమిది పలకలుంటాయి. తీగల ముఖం నేలకు నిలువుగా ఉండేలా పట్టుకుని, పైనున్న పలక ఒకటి అనుకుని, హ్యాండిల్ అడుగు వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టండి. చూపుడు వేలి మొదటి కణుపు (అరచేతిని ఆనుకున్నది) మూడో పలక మీదుంటే ఈస్టర్న్, నాలుగో పలక మీదుంటే సెమీ వెస్టర్న్, ఐదో పలక మీదుంటే వెస్టర్న్. ఈస్టర్న్‌కు నడుము ఎత్తు సుఖం. సెమీ వెస్టర్న్‌కు నడుము నుంచి ఛాతీ దాకా, వెస్టర్న్‌కు ఛాతీ నుంచి భుజం దాకా. పలక సంఖ్య పెరిగేకొద్దీ బంతిని మరింత ముందే అందుకోవాలి, లేకపోతే రాకెట్ ముఖం నేల చూపులు చూస్తుంది. ఫెదరర్‌ది ఈస్టర్న్‌కు దగ్గరి పట్టు, జొకోవిచ్‌ది సెమీ వెస్టర్న్ దాటి వెస్టర్న్ వైపు వెళ్లిన పట్టు. పైగా ఫెదరర్, నాదల్ బంతి తగిలే క్షణంలో మోచేయి పూర్తిగా చాచేవారు, జొకోవిచ్ మోచేతిని వంచే ఉంచుతాడు. కాబట్టి టీవీలో ఒకరిని చూసి కాంటాక్ట్ పాయింట్ (బంతి తగిలే చోటు) కాపీ కొట్టేముందు, ఆయన గ్రిప్, మోచేయి మీవాటికి సరిపోతాయో లేదో చూసుకోండి.

ఎత్తు మారితే వేగం ఎందుకు మారాలి

నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. బేస్‌లైన్ నుంచి బేస్‌లైన్‌కు 23.77 మీటర్లు. నెట్ నుంచి సర్వీస్ లైన్‌కు (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్య ఉండే అడ్డగీతకు) 6.40 మీటర్లు. ఈ మూడు అంకెలతో చిన్న లెక్క వేస్తే చాలా విషయాలు తేలతాయి.

సర్వీస్ లైన్ దగ్గర నిలబడి, నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న బంతిని నెట్ మీద జానెడున్నర, అంటే మరో 30 సెంటీమీటర్ల ఎడంతో దాటించి, సరిగ్గా అవతలి బేస్‌లైన్ మీద పడేలా కొట్టాలనుకోండి. స్పిన్‌నూ గాలి నిరోధాన్నీ పక్కన పెడితే దాని వేగం గంటకు దాదాపు 70 కిలోమీటర్లు దాటకూడదు. అదే చోట, అదే ఎడంతో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న బంతికైతే దాదాపు 140 కిలోమీటర్ల దాకా చోటుంది. రెట్టింపు! కింది బంతిని బలంగా కొట్టాలంటే టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లేలా తిప్పడం) తప్ప దారి లేదు. అది కుదరకపోతే వేగం తగ్గించుకోవాలి.

ఎత్తు బంతిలో ఇంకో మోసం ఉంది. భుజం ఎత్తు బంతిని చూడగానే కిందికి బాదాలనిపిస్తుంది. బేస్‌లైన్ దగ్గర 1.5 మీటర్ల ఎత్తు నుంచి నెట్ అంచును రాసుకుంటూ సూటిగా గీత గీస్తే అది నేలను తాకేది 30 మీటర్ల అవతల. కోర్టు ఉన్నదే 23.77. అంతకంటే కిందికి గురిపెడితే నెట్‌కే. బంతిని కోర్టులోకి దించేది భూమ్యాకర్షణ, టాప్‌స్పిన్. మీ చెయ్యి కాదు. కనుక బేస్‌లైన్ దగ్గర ఎంత ఎత్తు బంతినైనా నెట్ పైకే గురిపెట్టి కొట్టాలి. సర్వీస్ లైన్ దగ్గరైతే అదే గీత 16.4 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, మీకు అవతలి బేస్‌లైన్ దాకా 18.3 మీటర్లుంది. కిందికి బాదడం అక్కడ న్యాయం.

భుజం బంతి

ముందు దాన్ని భుజం దాకా రానివ్వాలా అని తేల్చుకోండి. మీకు మూడు దారులున్నాయి, బంతి నెట్ దాటే లోపే ఒకటి ఎంచుకోవాలి.

వెనక్కి వెళ్లడం: బేస్‌లైన్‌కు ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి జరిగి, బంతి శిఖరం దాటి నడుము దాకా దిగాక కొట్టడం. మట్టి కోర్టులో, బంతి నెమ్మదిగా వచ్చి ఎత్తుకు లేచే చోట ఇది బాగా పనికొస్తుంది. కానీ వెనక్కి వెళ్లి పొట్టిగా కొడితే ఎదుటివాడికి విందు. నెట్ మీద మీటరు, మీటరున్నర ఎడం ఉండేలా లోతుగా వేయాలి. వెనక్కి వెళ్లేటప్పుడు వెనకడుగులు వేయకండి. కుడి పాదం తిప్పి, పక్కకు తిరిగి నడవండి.

ముందుకు వెళ్లడం: బౌన్స్ అయి పైకి లేస్తుండగానే, నడుము దగ్గరే పట్టుకోవడం. రాకెట్‌ను వెనక్కి తీసుకునేది మామూలులో సగమే. బంతి ఎలాగూ పైకి వస్తోంది కాబట్టి రాకెట్ ముఖం ఏమాత్రం తెరుచుకున్నా (ఆకాశం వైపు తిరిగినా) బంతి లేచి బయటికి పోతుంది. ముఖం నిటారుగా ఉంచండి, వీలైతే ఒక్క పిసరు మూయండి. టైమింగ్ అంతంత మాత్రంగా ఉన్నవాళ్లు ఒత్తిడిలో దీని జోలికి పోకపోవడమే మంచిది.

మూడోది భుజం దగ్గరే కొట్టడం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఓపెన్ స్టాన్స్‌లో (పాదాలు రెండూ దాదాపు నెట్‌కు సమాంతరంగా ఉండేలా) నిలబడి బరువు కుడి కాలి మీద ఉంచండి. మొండేన్ని తిప్పి సిద్ధమైనప్పుడు రాకెట్ తల చెవి ఎత్తులో ఉండాలి. నడుము బంతికి కొట్టే ముందు రాకెట్ తల కాంటాక్ట్ ఎత్తుకు ఓ అడుగు కిందికి దిగుతుంది. భుజం బంతికి బెత్తెడో జానెడో దిగితే చాలు. అలవాటు కొద్దీ తొడ దాకా దించితే అంత దూరం పైకి రావడానికి సమయం చాలదు. బంతి ఆలస్యంగా, శరీరం పక్కన తగులుతుంది. భుజం ఎత్తులో పక్కన తగిలిన బంతికి బలం ఉండదు, భుజం కీలు మీద భారం కూడా పడుతుంది. మోచేయి పక్కటెముకలకు అతుక్కోకూడదు. చంకలో గాలి ఆడేంత ఎడం ఉండాలి, మోచేయి ఛాతీ ఎత్తుకు లేవాలి. కుడి కాలితో నేలను తన్నుతూ పైకి, ముందుకు లేవండి, కాళ్లు గాల్లోకి లేచినా తప్పులేదు. స్వింగ్ దారి మామూలు కంటే చదునుగా, దాదాపు అడ్డంగా సాగుతుంది. రాకెట్ ఎడమ భుజం కిందుగా, ఎడమ మోచేయి వైపు ముగుస్తుంది. తల మీదికి ముగిస్తే బంతికి స్పిన్ తప్ప ముందుకు తోపు ఉండదు, సర్వీస్ లైన్ దగ్గరే పడిపోతుంది.

బంతి ఎత్తు చూసి వెనక్కి వాలడం మరో తప్పు. వాలితే రాకెట్ ముఖం తెరుచుకుంటుంది, బంతి బయటికి పోతుంది. తర్వాతి బంతికి దాన్ని దిద్దబోయి మణికట్టు మూస్తారు, నెట్‌కు తగులుతుంది. ఒకటి బయటికి, ఒకటి నెట్‌కు పోతుంటే చెయ్యిని కాదు, వెన్ను వాలును చూసుకోండి.

మోకాలి బంతి

గడ్డి కోర్టు మీద, స్లైస్ చేసిన (వెనక్కి తిరిగేలా కోసినట్టు కొట్టిన) బంతి మీద ఇది మాటిమాటికీ ఎదురవుతుంది. వీలైతే ఒకడుగు ముందుకేసి, కిందికి దిగకముందే అందుకోండి. ఎంత ఆలస్యమైతే అంత కిందికి పోతుంది.

ఎడమ కాలు పెద్ద అంగ వేసి ముందుకు చాపండి. కుడి మోకాలు నేలకు దగ్గరగా రావాలి, కుడి మడమ లేస్తుంది. వంగాల్సింది మోకాళ్లు, నడుము కాదు. నడుము వంచితే తల ముందుకు పడి, కళ్లు బంతి మీదికి వంగి, భుజం తిరగడానికి చోటుండదు. కుడి భుజం ఎడమ భుజం కంటే కొంచెం కిందికి వాలుతుంది, అది ఉండాల్సిందే. కాళ్లు ఇంత పని చేస్తే చేతికీ మొండేనికీ మధ్య కోణం నడుము బంతికి ఉన్నట్టే మిగులుతుంది.

బంతి ఎడమ మోకాలికి ఎదురుగా, బెత్తెడు ముందు తగలాలి. పాదం నుంచి చూస్తే ఇది తక్కువ దూరంలా కనిపిస్తుంది. కానీ కాలు అంత ముందుకు వెళ్లింది కాబట్టి మొండెం నుంచి బాగా ముందే తగిలినట్టు. రాకెట్ ముఖం కొద్దిగా, చూసేవాడికి తెలిసీ తెలియనంత, తెరిచి ఉంచండి. వెస్టర్న్ పట్టు వాళ్లకు ఇది కష్టం, సమయముంటే ఒక అర పలక ఈస్టర్న్ వైపు జరుపుకోవచ్చు. స్వింగ్ కింది నుంచి పైకి నిటారుగా సాగి ఎడమ భుజం మీదుగా ముగుస్తుంది. బంతి మరీ కిందున్నా, ఆలస్యమైనా నాదల్ తరహాలో కుడివైపే తల మీదికి ముగించవచ్చు.

అన్నిటికంటే పెద్ద తప్పు: బంతి తగలకముందే లేచి నిలబడటం. మోకాళ్లు ముందే నిటారుగా అయితే రాకెట్ కూడా వాటితో పాటు పైకి లేస్తుంది, బంతి కింది ఫ్రేమ్‌కు తగులుతుంది. బంతి నెట్ దాటే దాకా కిందే ఉండండి. పిక్క ఎత్తుకు దిగిపోయిన బంతికి ఇదంతా వద్దు, కాంటినెంటల్ (రెండో పలక) పట్టుతో చిన్న స్లైస్ వేసి బతికిపోండి.

ఫ్రేమ్ చెప్పే సాక్ష్యం

బంతి తీగల మధ్యలో కాక ఎక్కడ తగిలిందో గమనిస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. పై అంచుకు తగిలితే రాకెట్ బంతి కిందుగా వెళ్లింది, ఎత్తు బంతికి అతిగా దించినప్పుడు ఇలా అవుతుంది. కింది అంచుకు తగిలితే రాకెట్ పైనుంది, అంటే మోకాళ్లు చాలినంత వంగలేదు. రాకెట్ కొనకు తగిలితే బంతికి దూరంగా ఉన్నారు, హ్యాండిల్ పైనున్న రాకెట్ మెడ దగ్గర తగిలితే మరీ దగ్గరగా. చివరి రెండూ పాదాల తప్పులే.

సాధన

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమం ప్రకారం మామూలు బంతిని గట్టి నేల మీద 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి. అంటే వదిలిన ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ. దీన్నిబట్టి ఒంటరిగానే మూడు ఎత్తులూ సాధన చేయొచ్చు. ఎడమ చేత్తో నడుము ఎత్తు నుంచి వదిలితే మోకాలి బంతి. తల ఎత్తు నుంచి వదిలితే నడుము బంతి. నేలకేసి గట్టిగా కొడితే భుజం బంతి. ఒక్కో ఎత్తుకు పది చొప్పున, సర్వీస్ లైన్ దాటి పడేలా కొట్టండి. తర్వాత వరుస మార్చి, మూడూ కలిపి కొట్టండి. పాత బంతులు తక్కువ లేస్తాయి, వాటితో భుజం బంతి కుదరదు.

తోడు దొరికితే వాళ్లు బంతులు వేస్తుంటే, ప్రతి బంతి నెట్ దాటకముందే "మోకాలు", "నడుము", "భుజం" అని గట్టిగా చెప్పండి. కొట్టిన తీరు ఎలా ఉన్నా సరే, ముందుగా చెప్పగలిగారా లేదా అన్నదే లెక్క. ఆలస్యంగా చెబితే పాదాలు కూడా ఆలస్యంగానే కదులుతున్నాయన్నమాట.

ఫోన్‌తో పక్క నుంచి వీడియో తీసి బంతి తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. బంతి తీగల మీదుండేది దాదాపు 5 మిల్లీసెకన్లు. సెకనుకు 30 ఫ్రేముల మామూలు వీడియోలో ఒక ఫ్రేమ్‌కూ తర్వాతి దానికీ మధ్య 33 మిల్లీసెకన్లు గడుస్తాయి, ఆ క్షణం దొరికితే అదృష్టమే. 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టుకోండి. మూడు ఎత్తుల బంతులకూ ఆపిన బొమ్మల్ని పక్కపక్కన పెట్టి, మొదట మణికట్టు చూడండి. మూడింటిలోనూ అది దాదాపు ఒకేలా ఉండి, మోకాళ్లు మూడు రకాలుగా ఉండాలి. తిరగబడి ఉంటే మళ్లీ గోడ దగ్గరికి వెళ్లండి.