బాకూ ఆతెష్‌గాహ్: జ్వాలాజీ గుడిని మ్యూజియంగా చూసే పద్ధతి

అజర్‌బైజాన్ రాజధాని బాకూ నగర కేంద్రానికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో, అబ్షెరాన్ ద్వీపకల్పంలోని సురాఖానీలో ఆతెష్‌గాహ్ ఉంది. భూమిలోంచి సహజవాయువు దానంతట అదే ఎగదన్నుకొచ్చి మండుతూ ఉన్న చోట 17, 18 శతాబ్దాలలో రూపుదిద్దుకున్న ఈ అగ్ని ఆలయం 1975లో మ్యూజియంగా మారింది. 2007లో దీన్ని ప్రభుత్వ చారిత్రక, వాస్తు రక్షిత ప్రాంగణంగా ప్రకటించారు. ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది నడుమనున్న మంటపం ముందు నిలబడి ఫొటో దిగి, అరగంటలో వెనుదిరుగుతారు. నన్నడిగితే ఈ ప్రాంగణంలో అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం ఇవ్వవలసింది ఆ మంటకే. చూడవలసినవి గదుల గుమ్మాల మీద ఉన్న రాతి శాసనాలు. బడిలో హిందీ చదువుకున్న తెలుగువారికి అవి ఎవరి సాయమూ లేకుండా కొంతవరకు చదువుకోగలిగినంత దగ్గరివి.

ముందు ప్రయాణపు ఏర్పాట్ల సంగతి. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు అజర్‌బైజాన్ ప్రభుత్వ ‘ఆసాన్’ ఈ-వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. అదే పేరును పోలిన పేర్లతో ఎక్కువ రుసుము వసూలు చేసే దళారీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి కనుక, డబ్బు కట్టే ముందు అది ప్రభుత్వ సైటేనా అని సరిచూసుకోవడం అవసరం. జార్జియా, అజర్‌బైజాన్‌లను ఒకే యాత్రలో కలిపి చూడాలనుకునేవారు ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. 2020లో మూసివేసిన భూసరిహద్దులను అజర్‌బైజాన్ ఏళ్ల తరబడి మూసే ఉంచుతూ వచ్చింది కనుక, టిబిలిసి నుంచి రైలులోనో బస్సులోనో దిగవచ్చునన్న లెక్కతో టిక్కెట్లు కొనకుండా, తాజా పరిస్థితి తెలుసుకున్నాకే నిర్ణయించుకోవాలి. భారత్, అజర్‌బైజాన్‌ల మధ్య సంబంధాలను బట్టి విమానాల ఏర్పాట్లు కూడా మారుతుంటాయి కాబట్టి, బయలుదేరే ముందు మన విదేశాంగ శాఖ సూచనలను ఒకసారి చూసుకోవడం మంచిది.

బాకూలో దిగాక సురాఖానీ చేరడం కష్టమేమీ కాదు. మెట్రోలో కొరోగ్లూ స్టేషన్ వరకు వెళ్లి, అక్కడ 184 నంబరు బస్సు ఎక్కితే ఆతెష్‌గాహ్ దగ్గర దిగవచ్చు. మెట్రోకూ బస్సుకూ ‘బాకీకార్ట్’ అనే ఒకే కార్డు పనికివస్తుంది కనుక, మెట్రో స్టేషన్‌లోని యంత్రం దగ్గరే కార్డు తీసుకుని, రానూపోనూ ప్రయాణాలకు సరిపడా డబ్బు వేసుకోవాలి. నలుగురు కలిసి వెళ్తుంటే బోల్ట్ వంటి యాప్‌లో టాక్సీ పిలవడమే సుఖం. హోటల్ ముందు కాచుకుని ఉండే టాక్సీలతో బేరమాడవలసి వస్తే, తిరుగు ప్రయాణమూ అక్కడ ఆగే సమయమూ కలిపి అక్కడి కరెన్సీలో ఎన్ని మనాత్‌లో ముందే తేల్చుకోవాలి. దారి పొడవునా తలలూపుతున్నట్టు కదిలే చమురు పంపులు కనిపిస్తాయి. వాటిని గమనిస్తూ వెళ్తే లోపల మంట కథ సులువుగా అర్థమవుతుంది.

వేళ విషయంలో మధ్యాహ్నం దాటాక వెళ్లడం మేలు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మంట సరిగా కనిపించదు, గుమ్మాల పైనున్న అక్షరాలు కూడా వెలతెలబోతాయి. పొద్దు వాలేటప్పుడు ఏటవాలుగా పడే వెలుతురులో చెక్కిన గీతల లోతు తెలుస్తుంది. మూసే వేళ రుతువును బట్టి మారవచ్చు కనుక దాన్ని ముందుగా తెలుసుకుని, అంతకు కనీసం రెండు గంటల ముందు లోపలికి వెళ్లేలా చూసుకోవాలి. బాకూ గాలి పేరుపొందినది. ఉత్తరం నుంచి వీచే దాన్ని ‘ఖజ్రీ’ అంటారు. అది వీచే రోజున చలికాలం కాకపోయినా ఒంటిమీద మందపాటి చొక్కా ఉండాలి. మార్చిలో వచ్చే నవ్రూజ్ పండుగ రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి, శాసనాలు నింపాదిగా చూడాలనుకునేవారు ఆ వారం మానుకోవడమే మంచిది.

ప్రాంగణం పూర్తి గుండ్రం కాదు, చతురస్రమూ కాదు. ఐదు పక్కల కోటగోడ, ఆ గోడ లోపలివైపు ఆనుకుని వరుసగా చిన్న చిన్న గదులు, నడుమ ఖాళీ ముంగిలి, దాని మధ్య నాలుగు కమానుల మంటపం. ప్రవేశద్వారం మీద ‘బాలాఖానా’ అనే అతిథి గది ఉంటుంది. ఇక్కడి కట్టడాలలో పాత భాగం అశ్వశాల, 1713 నాటిది. నడుమనున్న మంటపం అన్నిటికంటే చివర, 1810లో వచ్చింది. దూరం నుంచి వచ్చే యాత్రికులూ వర్తకులూ బస చేసే సత్రమూ, పూజాస్థలమూ ఒకే గోడ లోపల ఇమిడి ఉన్న కట్టడమిది. కనుక లోపలికి అడుగుపెట్టగానే నేరుగా మంటపం వైపు నడవకుండా, గోడ వెంట ఒక చుట్టు తిరిగి, ఒక్కొక్క గుమ్మం దగ్గర ఆగి తలెత్తి చూస్తూ వెళ్లడం సరైన పద్ధతి. ప్రదక్షిణ అలవాటున్న మనకు ఇది ప్రత్యేకంగా నేర్చుకోవలసినది కాదు.

శాసనాలలో ఎక్కువ భాగం దేవనాగరిలో ఉన్నాయి. కొన్ని గురుముఖిలో, ఒకటి మాత్రం పారశీకంలో ఉంది. దేవనాగరి శాసనాలు సాధారణంగా ‘ఓం శ్రీ గణేశాయ నమః’ అని మొదలవుతాయి. ఆ మొదటి వరుసను గుర్తుపడితే తరువాతి అక్షరాల రూపాలు పట్టుబడతాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియనివారు పారశీక పద్యం ఉన్న రాతి దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఆ రాతి మీద పైన దేవనాగరి వరుసలు, వాటి కింద పారశీక చతుష్పది కనిపిస్తాయి. పై వరుసలో ‘గణేశాయ’ అని ఉండవలసిన చోట ‘గణేసాయ’ అనీ, ‘జ్వాలాజీ’ అని ఉండవలసిన చోట ‘జవాలాజీ’ అనీ చెక్కి ఉంటుంది. కింది పారశీకం కూడా వ్యాకరణం తెలిసినవారికి ఎబ్బెట్టుగా తోస్తుంది. వీటిని రాయించినవారు పండితులు కారు, ఎక్కువగా ముల్తాన్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుంచి ఇరాన్ మీదుగా కాస్పియన్ తీరానికి వ్యాపారం కోసం వచ్చినవారు, వారి వెంట వచ్చిన సాధువులు. ఆ తప్పులను చూసినప్పుడే నాకు ఆ మనుషులు నిజంగా ఇక్కడ బతికారన్న నమ్మకం కుదిరింది. నిర్దోషమైన శ్లోకం ఉండి ఉంటే ఆ నమ్మకం అంత గట్టిగా కలిగేది కాదేమో.

సంవత్సరాలు లెక్కకట్టే చోట మనవాళ్లు పొరబడే అవకాశం ఉంది. పంచాంగంలో శాలివాహన శకానికి అలవాటుపడిన తెలుగువారు శాసనంలోని అంకెకు 78 కలపడానికి సిద్ధపడతారు. ఇక్కడ ఉన్నది విక్రమ సంవత్సరం. దాని నుంచి 57 తీసివేయాలి. పైన చెప్పిన రాతి మీద సంవత్ 1802 అని ఉంది. 57 తీసివేస్తే క్రీ.శ. 1745 వస్తుంది. దాని కిందే పారశీక పద్యంలో హిజ్రీ 1158 అని ఉంది. అది కూడా 1745కే సరిపోతుంది. రెండు లిపులు, రెండు కాలమానాలు, ఒకే ఏడాది దగ్గర కలిసే ఈ రాతి ముందు కనీసం పది నిమిషాలు నిలబడాలి.

మరొక శాసనం ఇంకా ఆసక్తికరమైనది. గణేశ స్తుతితో మొదలై, ‘శ్లోక’ అని పేరు చెప్పుకుని, ఆ తరువాత విక్రమాదిత్యుని శకాన్ని తలచి, తీరా విషయానికి వచ్చేసరికి ‘శ్రీ జ్వాలాజీ నిమత్ దర్వాజా బణాయా’ (శ్రీ జ్వాలాజీ కోసం ద్వారం కట్టించాడు) అంటూ సంస్కృతం వదిలేసి వాడుక భాషలోకి దిగిపోతుంది. కట్టించినవాడు ఒక సన్యాసి. తేదీ సంవత్ 1866, ఆసోజ్ వది 8. ఆసోజ్ అంటే ఆశ్వయుజమే, వది అంటే బహుళ పక్షమే గాని, ఉత్తరాదివారికి నెల పున్నమితో ముగుస్తుంది కనుక వారి ఆసోజ్ వది మన పంచాంగంలో భాద్రపద బహుళం అవుతుంది, అంటే మహాలయ పక్షం. సంవత్ 1866 నుంచి 57 తీసివేస్తే 1809 వస్తుంది. నడుమ మంటపానికి 1810 అని చెప్పడం చూసి కంగారుపడనక్కరలేదు. సంవత్సరాన్ని చైత్రంతో మొదలుపెట్టేవారికీ, గుజరాత్ పద్ధతిలో కార్తీకంతో మొదలుపెట్టేవారికీ మధ్య ఒక ఏడాది తేడా వస్తుంది. గురుముఖి శాసనాలలో ‘ఇక్ ఓంకార్, సతినామ్’ అని మొదలయ్యే సిక్కుల మూలమంత్రం ఉంది. ఫోనులో తీసిన ఫొటోను పెద్దది చేసి చూస్తే నేల మీద నిలబడి చూసినప్పటి కంటే అక్షరాలు బాగా తెలుస్తాయి.

గదుల లోపల మ్యూజియంవారు నిలువెత్తు బొమ్మలతో ఆనాటి జీవితాన్ని చూపించారు. ఒంటికి బరువైన ఇనుప గొలుసులు చుట్టుకుని ఉండే సాధువులు, సున్నం మీద పడుకుని శరీరాన్ని హింసించుకునేవారు, మాట్లాడుకుంటున్న వర్తకులు కనిపిస్తారు. బొమ్మలు కొంచెం మొరటుగానే ఉంటాయి గాని, వాటి వెనకనున్న వివరాలు ఆనాటి యాత్రికుల రాతలకు దగ్గరగానే ఉన్నాయి. 18వ శతాబ్దానికి చెందిన జోనాస్ హాన్వే అనే ఆంగ్ల వర్తకుడు, నేలలో ఒక రెల్లు గొట్టం గుచ్చి దాని కొన దగ్గర నిప్పు అంటిస్తే దీపంలా వెలుగుతుందని, దానితోనే వంట కూడా చేసుకునేవారని వర్ణించాడు. గదుల నేలలోనూ గోడలలోనూ మంటకు వదిలిన కంతలు ఎక్కడున్నాయో వెతికి చూడాలి. వంటింటి స్టవ్వు కింద గొట్టం ఉన్నట్టు ఆ కాలంలో వీరికి భూమే గ్యాసు సరఫరా చేసేది.

నడుమ మంటపం దగ్గరికి వచ్చాక నాలుగు సంగతులు చూడాలి: నాలుగు వైపులా కమానులు, పైన త్రిశూలం, కప్పు మూలల్లో ఒకప్పుడు మంటలు లేచిన గొట్టాలు, పక్కనే చతురస్రాకారపు గుంట. చనిపోయిన హిందువులను ఆ గుంటలోనే, భూమి నుంచి వచ్చే మంటతో దహనం చేసేవారు. ఇప్పుడు మంటపంలో మండుతున్నది ఆ భూగర్భ వాయువు కాదు. సురాఖానీ చుట్టుపక్కల చమురు, వాయువులను పెద్దఎత్తున తోడేయడం వల్ల 1969లో సహజమైన మంట ఆరిపోయింది. ఇప్పటిది బాకూ నుంచి గొట్టం ద్వారా తెచ్చిన వాయువు. గోడ బయట చమురు పరిశ్రమ 1850లలోనే కాలుపెట్టింది. వాసిలీ కొకొరెవ్ అనే రష్యన్ వ్యాపారి సురాఖానీలో కిరోసిన్ తయారీ కేంద్రం పెట్టాడు. ఆలయానికి దగ్గరగా దాన్ని పెట్టడానికి కారణం, అదే వాయువు ఇంధనంగా పనికిరావడం. 19వ శతాబ్దం చివరికి యాత్రికులూ పూజారులూ తగ్గిపోయి గుడి ఖాళీ అయింది.

ఇది ఎవరి గుడి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మార్గదర్శకులు చెప్పే మాట ఒక్కొక్కసారి ఒక్కొక్కలా ఉంటుంది. జరతుస్త్ర మతస్థుల (పార్సీలది ఈ మతమే) పురాతన అగ్నిస్థలం మీద దీన్ని కట్టారని స్థానికంగా బలమైన నమ్మకం. నాలుగు కమానుల మంటపం ఇరాన్ అగ్ని ఆలయాల నిర్మాణాన్ని తలపించడం దానికి ఊతమిస్తుంది. ఇప్పుడున్న కట్టడం మాత్రం హిందూ, సిక్కు శాసనాలతో నిండి ఉంది. 1925లో ఇక్కడికి వచ్చిన ముంబై పార్సీ పండితుడు జీవన్‌జీ జంషెడ్‌జీ మోదీ కూడా ఇది పార్సీల ఆలయం కాదని, హిందువుల గుడేనని తేల్చాడు. సికింద్రాబాద్‌లోని పార్సీ అగ్ని ఆలయాన్ని బయటి నుంచైనా చూసినవారికి ఆయన మాట వెంటనే అర్థమవుతుంది. అక్కడి అగ్నిని గర్భాలయంలో చందనపు కట్టెలతో కాపాడుతారు, పార్సీలు కానివారికి ప్రవేశమే ఉండదు. ఇక్కడిది నాలుగు వైపులా తెరిచి ఉన్న మంట. మన కాంగ్రాలోని జ్వాలాముఖి క్షేత్రంతో పోల్చడం ఇంతకంటే సమంజసం. అక్కడ కూడా రాతి పగుళ్ల నుంచి వెలువడే వాయువే దేవి జ్వాల. కనుక ‘ప్రాచీన పార్సీ గుడి’ అని ఒక్క ముక్కలో చెప్పేసే మార్గదర్శకుడు దొరికితే వాదించకుండా, గుమ్మం మీది శాసనాన్ని చదివి చెప్పమని అడిగితే చాలు.

ఇది మ్యూజియమన్న విషయం మరవరాదు. చెప్పులు విప్పవలసిన పనిలేదు. మంటపం ముందు చేతులు జోడించి ఒక క్షణం నిలబడితే ఎవరూ అభ్యంతరం చెప్పరు గాని, కర్పూరం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం, మంటలో కాగితాలో అగరువత్తులో వేయడం తగదు. పిల్లలు వెంట ఉంటే గాలి వీచే దిక్కు చూసుకుని నిలబెట్టాలి. ఖజ్రీ వీచేటప్పుడు మంట ఉన్నట్టుండి కమాను దాటి బయటికి తోసుకొస్తుంది.

ఇదే రోజున యానార్ దాగ్ కూడా చూడవచ్చు. అది అబ్షెరాన్‌లోనే ఉన్న కొండ వాలు, అక్కడ భూమి నుంచి వాయువు ఇప్పటికీ సహజంగానే మండుతోంది. ఆతెష్‌గాహ్‌లో ఆగిపోయినదేమిటో అక్కడ కళ్లారా తెలుస్తుంది. ముందుగా ఆతెష్‌గాహ్, చీకటి పడే వేళకు యానార్ దాగ్ అన్న క్రమంలో టాక్సీ మాట్లాడుకోవాలి. గోబుస్తాన్ రాతి చిత్రాలను మాత్రం ఈ రోజులో ఇరికించకూడదు. అవి బాకూకు మరోవైపు దిక్కులో ఉన్నాయి, తిరగడానికే సగం రోజు పడుతుంది. శాకాహారులు ఆకలికి భయపడనక్కరలేదు. ఆకుకూరలు పెట్టి పెనం మీద కాల్చే ‘కుతాబ్’ అన్నిచోట్లా దొరుకుతుంది, మాంసం లేనిదే కావాలని అడగడం మాత్రం మరవకూడదు.

ఇంకొక సాయంత్రం మిగిలి ఉంటే బాకూ పాతకోటలో ముల్తానీ సత్రాన్ని చూడాలి. సురాఖానీ శాసనాలు రాయించినవారి ఊరివాళ్ల సరుకులు దిగిన చోటు అది. బుఖారా సత్రానికి ఎదురుగా ఉంటుంది. ఇప్పుడు లోపల భోజనశాల నడుస్తోంది కనుక, టీ అడిగి కూర్చుంటే ముంగిలినీ చుట్టూ ఉన్న గదులనూ నింపాదిగా చూసుకోవచ్చు.