రథసప్తమి నుంచి శివరాత్రి దాకా: మిద్దెతోటలో చూసుకోవలసిన పనులు

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. మిద్దెతోట ఉన్నవాళ్లు మాత్రం అంతవరకు ఆగకూడదు. రథసప్తమికీ శివరాత్రికీ మధ్య మూడు వారాలుంటాయి. హైదరాబాదు లాంటి ఊళ్లలో ఈ మూడు వారాల్లోనే రాత్రి చలి సడలుతుంది, పగటి ఎండ 30 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. తోట లెక్కలో చలికాలం తర్వాత వచ్చేది నేరుగా ఎండాకాలమే. మార్చి నెలాఖరుకు మొక్క వేరు ఎంత లోతుకు దిగి ఉంటుందో, ఏప్రిల్‌లో అంత నిలబడుతుంది. అందుకే ఈ రోజుల్లో చూడాల్సింది మొదట మట్టి, వేరు. ఆకు, పువ్వు తర్వాత. కోస్తా ఊళ్లవాళ్లు ఈ పనులు వారం పది రోజులు ముందుగా, ఆదిలాబాదు, అరకు వైపువాళ్లు కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టుకోవచ్చు.

నీళ్లు పోయకముందే మట్టి చూడండి

ఉదయం నీళ్లు పట్టకముందు ప్రతి కుండీలోనూ వేలు రెండు అంగుళాల లోతుకు దించండి. అక్కడ తడి తగిలితే ఆ రోజుకు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే పోయాలి. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి పోసిన అలవాటును అలాగే కొనసాగిస్తే, నల్ల ప్లాస్టిక్ టబ్బుల్లోనూ గ్రో బ్యాగుల్లోనూ ముందు అంచుల దగ్గరి వేర్లు ఎండుతాయి. ఎండ వచ్చింది కదా అని ఒక్కసారిగా రోజూ నిండుగా పోస్తే పాలకూర, కొత్తిమీర మొదళ్లు కుళ్లుతాయి. అన్ని కుండీలకూ ఒకే లెక్క పనికిరాదు.

పోసిన నీరు ఎలా పోతుందో కూడా గమనించండి. పోసిన వెంటనే అడుగు నుంచి బయటికి వచ్చేస్తోందంటే మట్టి బాగా ఎండి టబ్బు గోడను వదిలేసిందని అర్థం. నీరు ఆ సందులోంచి జారిపోతోంది, మధ్యలో వేరుకు చుక్క అందడం లేదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపిన మిశ్రమాల్లో ఇది మామూలే. చిన్న కుండీ అయితే నీళ్ల తొట్టిలో అరగంట కూర్చోబెట్టండి. పెద్ద టబ్బు అయితే పది నిమిషాల తేడాతో మూడు దఫాలుగా కొంచెం కొంచెం పోయండి. దీనికి భిన్నంగా నీరు పైనే ఐదు నిమిషాలకు మించి నిలిస్తే అడుగు రంధ్రాలు వేర్లతో మూసుకుపోయాయన్నమాట. కింది నుంచి ఇనుప చువ్వతో పొడిచి తెరవండి.

కుండీ అంచుల మీద, మట్టి పైన తెల్లటి పొర కట్టి ఉంటే అది బోరునీటి ఉప్పు. ఆకుల కొసలు గోధుమ రంగుకు మారి ఎండేది చాలాసార్లు దీనివల్లే. చాలామంది దాన్ని ఎరువు లోపం అనుకుని ఇంకా ఎరువు వేస్తారు, దాంతో ఉప్పు మరింత పెరుగుతుంది. పైన అర అంగుళం మట్టి గీరి తీసేయండి. తర్వాత కుండీ ఘనపరిమాణానికి రెండింతల మంచినీరు నెమ్మదిగా పోసి, అడుగు నుంచి అంతా కారిపోనివ్వండి. 10 లీటర్ల కుండీకి 20 లీటర్లు. ఆ తర్వాత వారం దాకా ఎరువు జోలికి వెళ్లకండి.

టబ్బులు ఖాళీ అయ్యే రోజులివి కాబట్టి, వాటిని జరిపి కింద స్లాబు ఎలా ఉందో కూడా చూసుకోండి. చెమ్మ మచ్చలు, పగుళ్లు కనిపిస్తే వానలు పడకముందే బాగు చేయించుకోవడానికి చాలా సమయం ఉంటుంది. టబ్బులు స్లాబుకు ఆనకుండా ఇటుకల మీదో స్టాండు మీదో ఉండాలి. మట్టి పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం తడిస్తే ఘనపుటడుగుకు దాదాపు 45 కిలోలు తూగుతుంది. అందుకే పెద్ద టబ్బులను పైకప్పు మధ్యలో కాకుండా దూలాల మీదుగా, గోడల వెంబడి పెట్టండి.

పీకిన మొక్క వేరులోనే అసలు సమాచారం

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, బఠాణీ, బంతి ఇప్పుడు ముగింపుకు వస్తాయి. పీకిన ప్రతి మొక్క వేరునూ బకెట్ నీటిలో కడిగి చూడండి. వేరు అక్కడక్కడా ఉబ్బి ముడులు కట్టి ఉంటే అది వేరుబుడిపె తెగులు, మట్టిలో ఉండే సన్నటి నులిపురుగుల (నెమటోడ్ల) పని. టమాటా, వంగ, బెండ, బీర జాతులకు ఇది ఎక్కువ. అయితే చిక్కుడు, బఠాణీ వేర్లకు ఉండే చిన్న గింజల్లాంటి బుడిపెలు మేలు చేసేవి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేవి. తేడా తెలుసుకోవడం సులభం: గోటితో గీకితే ఊడి వచ్చేవి మంచివి. ఊడకుండా వేరులో భాగంగా ఉబ్బినవి నులిపురుగులవి.

నులిపురుగు ఉన్న మట్టిని పొరపాటున కూడా మరో టబ్బులో కలపకండి. దాన్ని విడిగా గోనెసంచిలో ఉంచి, ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద అర అడుగు మందంలో పరిచి, తడిపి, పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు గాలి చొరకుండా బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు కంటే పారదర్శకమైనదే మట్టిని ఎక్కువ వేడెక్కిస్తుంది. పొడిమట్టికి వేడి లోపలిదాకా పట్టదు కనుక తడపడం తప్పనిసరి.

వేర్లు శుభ్రంగా ఉంటే ఆ మట్టినే మళ్లీ వాడుకోవచ్చు. 10 లీటర్ల పాత మట్టికి 3 లీటర్ల మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు, నానబెట్టి పిండిన కోకోపీట్ ఒక లీటరు, వేపపిండి 100 గ్రాములు కలపండి. తడిపి, కప్పి, పది రోజులు ఆగి అప్పుడు విత్తండి. వెంటనే విత్తితే వేపపిండి కుళ్లేటప్పుడు పుట్టే వేడికి మొలక మాడుతుంది. పశువుల ఎరువు పిడికిట పడితే పొడిపొడిగా, అడవిమట్టి వాసనతో ఉండాలి. ఘాటు వాసన వస్తే, లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగిలితే అది ఇంకా మాగలేదు. ఆ ఎరువుతోనే లావుపాటి తెల్ల వేరుపురుగులు కూడా కుండీల్లోకి చేరతాయి.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

కొత్తిమీర, మెంతి, పాలకూర వెన్ను (పూత కాడ) వేశాయంటే వాటిని కాపాడే ప్రయత్నం దండగ. రోజు నిడివి పెరగడం, ఎండ ముదరడం చూసి అవి గింజకు సిద్ధమవుతాయి. ఒకటి రెండు కొత్తిమీర మొక్కలను ధనియాలకు వదిలి మిగతావి తీసేయండి. ఆ చోటులో తోటకూర, గోంగూర, బచ్చలి వేస్తే ఎండాకాలమంతా ఆకుకూరకు లోటుండదు.

చిక్కుడు పగలు తక్కువగా ఉన్న రోజుల్లో పూసే తీగ. రథసప్తమికి సూర్యుడికి రథం చేయడానికి కాయలు ఇంకా దొరుకుతాయి, ఆ తర్వాత కాపు జారుతుంది. పురుగు పట్టని ఐదారు ముదురు కాయలను తీగ మీదే ఎండనిచ్చి విత్తనానికి ఉంచుకోండి. పందిరి ఖాళీ అయితే అదే పందిరి బీరకు, సొరకు పనికొస్తుంది.

టమాటా సంగతి ఆలోచించి తేల్చుకోవాలి. రాత్రి ఉష్ణోగ్రత 21, 22 డిగ్రీలు దాటితే పూత నిలవదు, పువ్వు కాడతో సహా రాలుతుంది. పొట్టి రకాలు ఒక కాపు ఇచ్చి ఉంటే తీసేయడమే నయం. ఇంకా చిగురు వేస్తున్న పొడవు రకాలకు పడమటి ఎండ తగలకుండా చూస్తే మార్చి మధ్య దాకా కాయలు నిలుస్తాయి. చిగుళ్లు ముడుచుకుని, పసుపు పట్టి, గిడసబారిన మొక్క ఉంటే అది తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. మొక్కను సంచిలో చుట్టి మరీ పీకండి, లేకపోతే దానిమీది దోమలు పక్క మొక్కకు వెళ్తాయి.

వంగకు మాత్రం రెండో జీవితం ఉంది. కాపు తగ్గిన మొక్కను నేల నుంచి అడుగు ఎత్తులో, మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, పైమట్టి గుల్ల చేసి, రెండు దోసిళ్ల వర్మికంపోస్టు వేయండి. కొత్త కొమ్మలు వచ్చి మళ్లీ కాస్తుంది.

ఆకు వెనుక

ఎండ పెరిగి తేమ తగ్గే ఈ రోజులు రసం పీల్చే పురుగులకు చాలా అనువైనవి. వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూడాలి. కంటికి ఆనని నల్లి కోసం ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. కాగితం మీద చుక్కలు కదిలితే ఎర్రనల్లి. వరుసగా మూడు ఉదయాలు ఆకు అడుగున నీటిని పైపుతో గట్టిగా కొడితే సగానికి పైగా పోతుంది.

మిరపలో ముడత చూసి కారణం చెప్పొచ్చు. ఆకు అంచులు పైకి దోనెలా ముడిస్తే తామరపురుగు, కిందికి ముడిచి కాడ సాగితే నల్లి. రెండింటికీ ఒకే మందు కొట్టి ఫలితం లేదనుకునేవాళ్లు ఎక్కువ. తామరపురుగుకు వేపనూనె, నీలం జిగురు అట్టలు. నల్లికి లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. తీగల ఆకుల మీద తెల్లపొడి చల్లినట్టు కనిపించే బూడిద తెగులుకూ ఈ గంధకమే పనిచేస్తుంది. అయితే దోస, సొర జాతుల్లో కొన్ని గంధకానికి మాడతాయి కాబట్టి ముందు ఒక ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం వాడకండి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు కాలిపోతుంది.

వేపనూనె కలపడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. 5 మిల్లీలీటర్ల నూనెలో ముందు ఒక మిల్లీలీటరు లిక్విడ్ సబ్బు లేదా చిక్కటి కుంకుడు రసం కలిపి బాగా గిలకొట్టి, ఆ తర్వాతే లీటరు నీరు కొంచెం కొంచెం పోయాలి. పాలలా తెల్లబడాలి. పైన నూనె తేలితే అది కలవలేదని, కొడితే ఆకు మాడుతుందని అర్థం. ఎండ వాలాక ఆకు అడుగున తడిసేలా కొట్టండి. వారం తేడాతో మూడుసార్లు కొట్టాలి, ఎందుకంటే గుడ్లు ఒక్క దెబ్బకు చావవు. విచ్చిన పూల మీద కొట్టకండి, తేనెటీగలు లేకపోతే తీగజాతులకు కాపు లేదు.

మందారం మీద పిండినల్లి కనిపిస్తే ముందు చీమలను చూడండి. కొమ్మ నుంచి కొమ్మకు దాన్ని చేర్చి కాపలా కాసేది అవే. స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి, బాగా పట్టిన కొమ్మలు కోసి సంచిలో కట్టి పారేయండి. మిగిలినవి సబ్బునీటి గుడ్డతో తుడవండి.

పూలు, పండ్లు, ఇంటి ముందు మొక్కలు

మల్లెను జనవరిలో కత్తిరించి ఉంటే కొత్త చిగుళ్లు వచ్చేసి ఉంటాయి. ఎరువు వేసి, నీరు తప్పకుండా పెట్టండి. కత్తిరించనివాళ్లు రథసప్తమి ప్రాంతంలో ఆకు దూసి మోకాలి ఎత్తుకు కోయవచ్చు. అంతకంటే ఆలస్యమైతే కొసలు తుంచడంతో సరిపెట్టుకోండి, ఎందుకంటే పూత రావడానికి రెండు నెలలు పడుతుంది. గులాబీని ఇప్పుడు లోతుగా కోయకండి, వాడిన పూలు మాత్రం తీస్తుండండి. పూత అయిపోయిన చామంతిని నేలకు నాలుగు అంగుళాల్లో కోసి పిలకలను నీడకు చేర్చండి. తులసి వెన్నులు తుంచితే చిగురు వేస్తుంది. కరివేపాకును నడుము ఎత్తుకు కోయడానికి ఇదే అదను.

పెద్ద డ్రమ్ముల్లోని మామిడికి పూత మీద ఉండగా నీళ్లు ఎక్కువ వద్దు. పిందె బఠాణీ గింజంత అయ్యాక క్రమంగా పెంచండి. నిమ్మకు ఆ దశలో మట్టి పూర్తిగా ఎండి, ఆపై ఒక్కసారి నిండుగా తడిస్తే పిందె రాలిపోతుంది.

వేసవికి విత్తడం

రాత్రి 15 డిగ్రీల కంటే తక్కువగా ఉంటే తీగ విత్తనాలు మొలవకుండా కుళ్లుతాయి. 18 దగ్గరికి వచ్చాక విత్తండి. బెండను రాత్రంతా నానబెట్టి అంగుళం లోతులో, అడుగు దూరంలో. కాకర గింజ కొసను గోళ్ల కత్తెరతో కొంచెం తుంచి, రాత్రంతా నానబెట్టాలి. పొట్ల గింజ గట్టిది, దానికి రోజంతా నాననివ్వండి. బీర, కాకరకు కనీసం 25 లీటర్ల టబ్బు, సొర, గుమ్మడికి 50 లీటర్లు, ఒక్కో దాంట్లో ఒకే మొక్క. చిన్న కుండీలో సొర పెడితే మగపూలు పూస్తూనే ఉంటుంది, పిందెలు పసుపుబారి రాలుతాయి.

పూత వచ్చాక చేతితో పరాగ సంపర్కం చేసేవాళ్లు వేళ గుర్తుంచుకోవాలి: గుమ్మడి, కాకర, దోస పూలు ఉదయం విచ్చుకుంటాయి, బీర, సొర, పొట్ల సాయంత్రం.

నీడ, మల్చింగ్, డ్రిప్

ఫాల్గుణానికి వేప ఆకు రాలుస్తుంది. ఉచితంగా దొరికే మంచి మల్చింగ్ (మట్టి ఎండకుండా పైన పరిచే పొర) అది. రెండు అంగుళాల మందం పరిచి, కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలండి, లేకపోతే మొదలు కుళ్లుతుంది.

షేడ్ నెట్ ఇచ్చే నీడ 50 శాతానికి మించి అక్కర్లేదు, కూరగాయలకు 35 శాతం సరిపోతుంది. దీన్ని ఫిబ్రవరిలోనే కప్పేస్తే తీగలు నీడకు సాగి పూత తగ్గుతుంది. కర్రలు, తాళ్లు ఇప్పుడే బిగించుకుని, నెట్ మాత్రం పగటి ఎండ 36 డిగ్రీలు దాటాక పరచండి. పడమటి వైపు నిలువుగా కట్టిన నెట్ పైకప్పు నెట్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది, మధ్యాహ్నం రెండు తర్వాతి ఎండే ఆకును వాడ్చేది.

డ్రిప్ ఉంటే ముందు చివరి మూతలు తీసి ఐదు నిమిషాలు నీరు వదిలి పైపులు కడగండి. ఆపై ప్రతి డ్రిప్పర్ కింద గ్లాసు పెట్టి కొలవండి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్ పావుగంటలో అర లీటరు ఇవ్వాలి. పావు లీటరే ఇస్తే ఉప్పు పట్టింది, ఊడదీసి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. అప్పటికీ పారకపోతే మార్చేయండి. ఊరికి వెళ్లేముందు ఈ కొలత మరోసారి తీసుకోండి: మూసుకుపోయిన ఒక్క డ్రిప్పర్‌తో ఏప్రిల్‌లో ఆ టబ్బు రెండు రోజుల్లో ఎండిపోతుంది.