మోకాలి నొప్పితో స్కూబాకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అండమాన్‌లో సముద్రం నెమ్మదించే నెలలు దగ్గరపడ్డాయి. సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్ కోసం అక్కడి హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీప్) దీవికి టికెట్లు తీసుకున్నవాళ్లలో మోకాలు అరిగినవాళ్లు, లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం.

– ఏ మోకాలు, ఎక్కడ, ఎప్పుడు నొప్పి పుడుతుందో డైవ్‌కి ముందే రాసుకుని ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి. పైకి వచ్చాక నైట్రోజన్ బుడగల వల్ల వచ్చే డీకంప్రెషన్ జబ్బు కూడా కీళ్ల నొప్పిగానే మొదలవ్వచ్చు. "పాత నొప్పేలే" అని ఊరుకుంటే ఆక్సిజన్ పెట్టాల్సిన సమయం దాటిపోతుంది. డైవ్‌కి ముందు నింపే ఆరోగ్య ఫారంలో ఆపరేషన్ సంగతి దాచేవాళ్లకి అసలు ప్రమాదం ఇదే.

– నొప్పి మాత్ర వేసుకుని దిగొద్దు. కొత్త నొప్పి వచ్చినా తెలియదు.

– పడవ నిచ్చెన ఎక్కే ముందు వెయిట్లు (మునగడానికి కట్టుకునే బరువులు), సిలిండర్ నీళ్లలోనే విప్పి పడవలోకి అందించండి. నీళ్లలో తేలికగా ఉన్న ఆ సరంజామా బయటికొస్తే ఇరవై కిలోల దాకా తూగుతుంది. మోకాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, లోతులో కాదు. మొహమాటపడకండి, సిబ్బందికి ఇది అలవాటే.

– మెత్తటి ఫిన్స్ (ఈదడానికి పాదాలకి తొడిగే రెక్కలు) అడగండి. కాలు తుంటి నుంచి కదలాలి. కప్పలా విసిరితే మోకాలు పక్కకి మెలిపడుతుంది.

– బిగుతు నీక్యాప్ వద్దు, రక్తప్రసరణకి అడ్డు.

– తొడ కండరాల వ్యాయామం నెలన్నర ముందే మొదలుపెట్టండి: వెల్లకిలా పడుకుని కాలు నిటారుగా ఎత్తడం, తక్కువ ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. వారం ముందు మొదలుపెడితే నొప్పులే మిగులుతాయి.

– ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, వరుస డైవ్‌ల తర్వాత విమానానికి కనీసం 18 గంటల వ్యవధి ఉంచుకోండి.